దరఖాస్తులో మా గడి ఎక్కడుంది, మంత్రి గారూ?

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇది మా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మేం ఐదుగురు ఆడవాళ్ళం. హనుమకొండ, కాజీపేట, జనగామ వాళ్ళం. బొమ్మలు వేసి, వాటికి సెన్సర్లు, స్పీకర్లు, ప్రొజెక్టర్ కలుపుతాం. ఒక పటం సంగతి చెబుతాను. చేర్యాల పద్ధతిలో ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఎర్రటి రంగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళను గీశాం. గుడ్డ వెనక రాగి టేపు అతికించి, ఒక్కో బొమ్మ నుంచి ఒక్కో తీగ తీసి చిన్న బోర్డుకు కలిపాం. బొమ్మ మీద వేలు పెడితే ఒక మనిషి గొంతు వినిపిస్తుంది. సిరిసిల్ల, కోరుట్ల వైపు తిరిగి రికార్డు చేసుకొచ్చిన గొంతులవి. ఒకామె మాట కంటే ముందు తునికాకు కత్తిరించే చప్పుడు వస్తుంది. చూడవచ్చిన ఒక పెద్దావిడ వేలు తీయకుండా అట్లాగే నిలబడి, "మా అక్క గొంతు లెక్కనే ఉంది బిడ్డా" అన్నది.

ఆ రోజు మీ శాఖ అధికారి ఒకరు అక్కడే ఉన్నారు. దసరా అయ్యాక ఒక గది, ఒక ప్రొజెక్టర్ చూస్తానని అందరి ముందూ మాటిచ్చారు. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, ఉగాది కూడా పోయింది.

కళాకారులకు సాయం చేసే మీ శాఖ పథకం సంగతి మీకు తెలిసిందే. దరఖాస్తులో చిత్రలేఖనం, శిల్పం, సంగీతం, నృత్యం, నాటకం, జానపదం ఉన్నాయి. మేం ఏ గడిలో టిక్ పెట్టాలి సార్? చిత్రలేఖనం అని పెడితే "వైర్లు ఎందుకు?" అని వెనక్కి పంపారు. జానపదం అని పెడితే "కంప్యూటర్ జానపదమా?" అన్నారు. ఐటీ వాళ్ళను కలవమన్నారు, కలిశాం. వాళ్ళు అమ్మకాలెంత, కస్టమర్లెవరు అని అడిగి, ఇది కళ కదమ్మా, కళల వాళ్ళ దగ్గరికే వెళ్ళండి అన్నారు. ఎనిమిది నెలలు ఇట్లాగే తిరిగాం. ఛార్జీలు మావే, పోయిన రోజులూ మావే. బిల్లులు పెడితే రంగులకు, కాన్వాసుకు సరే అన్నారు. రాగి టేపు, సెన్సర్లు, హార్డ్ డిస్కు "ఎలక్ట్రికల్ సామాను" అని కొట్టేశారు. అవి లేకపోతే మా పటం మూగదే కదా.

అన్నిటికంటే బాధ పెట్టిన మాట ఇది. కమిటీ ముందు కూర్చుంటే ఒకాయన "టెక్నికల్ పని ఎవరు చేసిండ్రమ్మా?" అన్నారు. మేమే అన్నాం. "అది కాదు, వైరింగ్, ప్రోగ్రాం ఎవరివి? ఇంట్లో ఇంజనీర్ ఉన్నారా?" అని మళ్ళీ అడిగారు. కోడ్ రాసే మా చెల్లెలు చంటిపాపను ఒళ్ళో పెట్టుకునే లాప్‌టాప్ తెరిచి, వాళ్ళ ముందే ఒక లైన్ మార్చి చూపించింది. తేమ పెరిగితే ముట్టుకోకుండానే పటం మాట్లాడేస్తుంది, దాన్ని ఆపే లైన్ అది. అంతా చూశారు. ఫైల్లో మాత్రం "సాంకేతిక సహాయకుడి వివరాలు జతచేయలేదు" అని రాశారు. ఆ కాగితం పట్టుకుని ఆమె బస్టాండ్ దాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఇది ఈమధ్య పుట్టిన మోజు అని కూడా అన్నారు. వేరా మోల్నార్ అనే ఆమె 1968లోనే పారిస్‌లో కంప్యూటర్‌తో బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. మన దేశంలో నళినీ మలానీ 1969లోనే బొంబాయిలో సినిమా కెమెరా చేతపట్టింది. తర్వాత తిరిగే పారదర్శక గొట్టాల మీద బొమ్మలేసి, వాటి నీడల్ని గోడల మీద నడిపించింది. తోలుబొమ్మలాట చూసిన ఊళ్ళు మనవి, మనకు ఇది అంత కొత్తదా?

మా హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం కోసం 2014లో శంకుస్థాపన అయినప్పటి నుంచి 2024 నవంబరు దాకా ఊరంతా ఎదురుచూసింది. తెరిచిన నాడు మేమూ సంతోషపడ్డాం. మాకు అంత పెద్ద హాలు అక్కర్లేదు. పగలు కూడా చీకటి చేసుకునే ఒక గది, తాళం వేసుకునే తలుపు, ఒక ప్రొజెక్టర్. ఇప్పుడు పెళ్ళి డెకరేషన్ వాళ్ళ దగ్గర అద్దెకు తెస్తున్నాం. ముహూర్తాలున్న నెలల్లో దొరకదు, అందుకే మూఢం వస్తేనే మా ప్రదర్శన. అది కూడా పొద్దు గూకితే గాని తెర మీద బొమ్మ కనబడదు. జనగామ అమ్మాయికి చివరి బస్సు టెన్షన్. గంట కూడా ఆడించకుండానే వైర్లు చుట్టేస్తాం.

దయచేసి మాకూ ఒక గడి పెట్టించండి సార్. ఒక గది చూపించండి. ఆ కమిటీలో ఈ పని తెలిసిన ఆడమనిషిని ఒక్కరినైనా కూర్చోబెట్టండి. ఫైల్లో రాసిన ఆ "సహాయకుడి" మాట కొట్టేయించి, మా చెల్లెలి పేరు రాయించండి. గడి సంగతి మాత్రం మర్చిపోకండి.

పటం ఇప్పుడు మా ఇంట్లో మంచం కింద చుట్టి ఉంది. వానలు మొదలయ్యాయి. చెమ్మ తగిలితే సుద్ద పెచ్చులూడుతుంది. ముందు బొమ్మల ముఖాలే పోతాయి. అవి పోకముందే ఒకసారి రండి సార్, వేలు పెట్టి వినండి.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక చిత్రకారిణి