ముందు పెద్దదాన్ని ఎత్తుకో

అక్కయ్యపాలెం,
విశాఖపట్నం.

అమ్మలూ, ఆశీస్సులు.

పిల్లలిద్దరూ ఒకేసారి ఏడిస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి అని అడిగావు. ఫోనులో చెబుతుంటే చిన్నోడి ఏడుపులో సగం మాటలు కొట్టుకుపోయాయి. అందుకే రాస్తున్నాను, దాచుకో.

చిన్నోడి పొట్ట నిండి, లంగోటా పొడిగా ఉండి, ఒళ్లు వెచ్చగా లేకపోతే పెద్దదాని దగ్గరికే వెళ్లు. ఏడు నెలల బిడ్డ చాప మీద రెండు నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. ఎత్తుకోగానే మరిచిపోతాడు. రెండున్నరేళ్ల పిల్ల మరిచిపోదు. తమ్ముడు కేర్‌మంటే అమ్మ తనని వదిలేసి పోతుందని ఒకసారి దానికి అర్థమైందా, ఇక నువ్వు పాలివ్వడానికి కూర్చోగానే దానికి దాహం వేస్తుంది, ఉచ్చ వస్తుంది, తమ్ముడి కాలు గిల్లబుద్ధవుతుంది. ఎప్పుడో మానేసిన పాలసీసా మళ్లీ కావాలంటుంది. లాగులో పోసేస్తుంది. తమ్ముడు పుట్టిన ఇళ్లలో ఈ వయసు పిల్లలు చేసే పనులే ఇవన్నీ. తిట్టకుండా లాగు మార్చెయ్. 'నువ్వు అక్కవి, పెద్దదానివి' అని మాత్రం అనకు. వదినగారికి కూడా నెమ్మదిగా చెప్పు. రెండున్నరేళ్లకి ఎవరు పెద్దవాళ్లవుతారు?

పాలివ్వడానికి కూర్చునే ముందే దాన్ని ఉచ్చకి తీసుకెళ్లు. పక్కన గ్లాసులో నీళ్లు, గిన్నెలో అరటిపండు ముక్కలు పెట్టు. పాలిచ్చేటప్పుడే బయటికి తీసే సంచి ఒకటి ఉండాలి: రెండు స్టీలు గిన్నెలు, బట్టల క్లిప్పులు, ఒక బొమ్మల పుస్తకం చాలు. పాలవ్వగానే సంచి పైకి పెట్టెయ్. రోజంతా కింద పడి ఉంటే రెండో రోజుకే దాని వంక చూడదు. చిన్నోడు పడుకున్నప్పుడు అంట్లు అలాగే వదిలేసి, ఫోను పక్కన పడేసి పదిహేను నిమిషాలు దానితో కూర్చో. మధ్యలో వాడు లేస్తే, 'తమ్ముడూ, ఆగు, ఇప్పుడు అక్క వంతు' అని దానికి వినపడేలా అను. ఎన్ని బొమ్మలు కొన్నా ఈ ఒక్క మాట చేసే పని చేయవు.

నీళ్ల దగ్గర మాత్రం వంతుల్లేవు. మన ఊళ్లో కుళాయి వేళకే వస్తుంది కనుక బాత్‌రూముల్లో నిండు బకెట్లు, డ్రమ్ములు మామూలే. ఈ వయసు పిల్లలకి తల బరువెక్కువ. బకెట్లోకి తొంగి చూస్తూ తలకిందులుగా పడితే మళ్లీ లేవలేరు, అరవలేరు కూడా. బెత్తెడు నీళ్లున్నా ప్రాణం మీదికొస్తుంది. డ్రమ్ముకి మూత పెట్టి ఆ మూత మీద బరువు పెట్టు. ఖాళీ బకెట్లు బోర్లించు. బాత్‌రూము తలుపుకి బయటివైపు, పెద్దదాని చెయ్యి అందనంత ఎత్తులో గడియ పెట్టించు. ఈ వారంలోనే వడ్రంగిని పిలువు. చిన్నోడికి నీళ్లు పోసేటప్పుడు తుండు, బట్టలు ముందే చేతికందేలా పెట్టుకో. టబ్బులో చన్నీళ్లు ముందు, వేడినీళ్లు తర్వాత పొయ్యి. మోచేత్తో చూసుకున్నాకే వాణ్ణి దించు. పెద్దది అరిచినా, తలుపు కొట్టినా వాణ్ణి టబ్బులో వదిలి లేవకు. తుండులో చుట్టి వెంట తీసుకుపో.

పెద్దది తన చేతిలోది తమ్ముడి నోట్లో పెడుతుంది, ప్రేమతోనే. అందుకని పల్లీలు, వేయించిన శనగలు, జీడిపప్పు, గుండు ద్రాక్ష కిందికి రానివ్వకు. అవి దానికీ ప్రమాదమే. గొంతుకి ఏదైనా అడ్డుపడి వాడు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వు, నోట్లో వేలు పెట్టి కెలకకు, ఉన్నది ఇంకా లోపలికి పోతుంది. శబ్దం ఆగి, పెదాలు నీలంగా మారితే ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉంచి, వీపు మీద రెక్కల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో 5 సార్లు చరుచు. వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో రెండు వేళ్లతో 5 సార్లు నొక్కు. బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తుండు. పక్కింటివాళ్లని కేకేసి 108కి ఫోను చేయించు.

జ్వరం మందు సంగతి జాగ్రత్తగా చదువు. పారాసిటమాల్ డ్రాప్స్ చాలావరకు 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటాయి. సిరప్ 5 మి.లీ.లో 125 గానీ 250 గానీ ఉంటుంది. డాక్టర్లు మామూలుగా కిలోకి 15 మి.గ్రా. లెక్కన రాస్తారు. 8 కిలోల చిన్నోడికి 120 మి.గ్రా., అంటే డ్రాప్స్ అయితే 1.2 మి.లీ. అర్ధరాత్రి నిద్రకళ్లతో, సిరప్ అనుకుని డ్రాప్స్ 5 మి.లీ. పోశావంటే నాలుగింతలు పైగా పోసినట్టు. సీసాల మీద మార్కర్‌తో పేర్లు రాయి, ఒకటి వంటింట్లో, ఒకటి బీరువాలో పెట్టు. పోసిన టైము కాగితం మీద రాసి, డాక్టరు చెప్పిన వ్యవధి అయ్యాకే మళ్లీ పొయ్యి. వాడికి తొమ్మిది నెలలు నిండగానే తట్టు-రుబెల్లా టీకా ఉంది. దాంతోపాటే విటమిన్-ఎ మొదటి డోసు వేస్తారు. కార్డు పట్టుకెళ్లడం మరవకు.

ఉగ్గు చాలా జారుగా చేస్తున్నావని నా అనుమానం. గ్లాసు బియ్యానికి అర గ్లాసు పెసరపప్పు కడిగి నీడన ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి రవ్వ పట్టాలి. రెండు పెద్ద చెంచాల రవ్వకి ముప్పావు గ్లాసు నీళ్లు పోసి సన్నసెగ మీద మెత్తగా ఉడికించి, ఒక చిన్న చెంచా నెయ్యి వెయ్యి. చెంచా వంచితే జారిపోకూడదు. జావలా ఉంటే పొట్ట నీళ్లతో నిండిపోతుంది, బరువు పెరగడు. రోజుకి రెండు మూడు సార్లు, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి చిన్న గిన్నెలో సగం దాకా పోవచ్చు. నీ పాలు మామూలుగానే సాగాలి. ఏడాది దాకా ఉప్పు, పంచదార వద్దు. తేనె నాలిక్కి రాయడం కూడా వద్దు. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో విషం తయారుచేయగలదు. ఇద్దరికీ వేరే వేరే వంటలు పెట్టుకోకు. పప్పు ఉడికాక ఉప్పు, కారం వెయ్యకముందే వాడి వాటా తీసి మెత్తగా మెదిపెయ్. కోనెం చేప ముక్క కూడా అంతే, ముళ్లు మాత్రం వేళ్లతో తడిమి చూడు.

మన ఉక్కకి ఉగ్గు రవ్వ తొందరగా ముక్కిపోతుంది, పది రోజులకి సరిపడా తెస్తాను. తడి చెంచా పెట్టకు.

ఆదివారం పొద్దున్న వస్తాను. ఇంటికొచ్చే ప్రతివాళ్లూ గుమ్మంలోనే చిన్నోడి కోసం చేతులు చాస్తారు, పెద్దది పక్కన నిలబడి చూస్తుంటుంది. నేను వచ్చేసరికి వాణ్ణి లోపల గదిలో ఉంచు. ముందు దాన్ని ఎత్తుకుని, తమ్ముడు ఎక్కడున్నాడో అదే నాకు చూపించేలా చేద్దాం.

మీ అమ్మ