నమూనా ఓడల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా తాడు గొడవే

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన మహాసభలో నివేదిక చదువుతుంటే వెనక వరసలోంచి ఒకాయన "చెక్కపని బ్రహ్మాండంగా ఉందండి, తాళ్లే బట్టలారేసుకునే తాళ్లలా ఉన్నాయి" అన్నారు. అన్నదెవరో మనకి తెలుసు. అందరూ నవ్వారు గానీ ఆ మాట నిజం. అందుకే ఈ ఏడాది కార్యవర్గం మిగతా పనులు కాస్త పక్కనబెట్టి తాడు మీదే కూర్చుంది.

ముందు మామూలు విషయాలు. నెలవారీ సమావేశాలు కాకినాడలోనే జరిగాయి. తుపాను హెచ్చరిక వచ్చిన నెల మాత్రం మానేశాం. ఖాతాల కాగితం కోశాధికారి గారు విడిగా పంచుతారు. చందా బాకీ ఉన్నవాళ్లకి అది బాకీ అని తెలుసు.

ఇక తాడు. మొదటి పొరపాటు నాదే, కాబట్టి నేనే చెప్పాలి. 1:64 స్కేల్లో కడుతున్న పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు యుద్ధనౌకకి ముందు స్తంభం ష్రౌడ్లు, అంటే స్తంభాన్ని రెండు పక్కలా పట్టుకునే తాళ్లు, ఆనాటి తాళ్ల కొలతల పట్టికలో 6 అంగుళాలు అని ఉంది. 6 అంగుళాలంటే 152 మిల్లీమీటర్లు, దాన్ని 64తో భాగిస్తే దాదాపు 2.4 మి.మీ. ఆ లావు తాడు తెచ్చి ఒక పక్కంతా కట్టేశాను. కట్టాక దూరంగా నిలబడి చూస్తే ఓడకి గేదె పలుపులు కట్టినట్టుంది. వారం రోజులు ఎక్కడ తప్పామా అని లెక్కలు మళ్లీ మళ్లీ చేశాం. లెక్కలో తప్పు లేదు. ఆ కాలంలో తాడు కొలత అంటే చుట్టుకొలత! అడ్డుకొలత కావాలంటే ముందు 3.14తో భాగించాలి. అప్పుడు అసలు తాడు 48.5 మి.మీ. లావు, మన స్కేల్లో 0.76 మి.మీ. నేను కట్టింది దానికి మూడింతలు. మొత్తం కోసి తీశాను.

పట్టిక దొరకని ఓడలకి ఒక పాత కొండగుర్తు పనికొస్తుంది. ప్రధాన స్తంభాన్ని ముందుకి పట్టి ఉంచే మెయిన్ స్టే చుట్టుకొలత, ఆ స్తంభం అడ్డుకొలతలో సగం. స్తంభం 24 అంగుళాలైతే స్టే 12 అంగుళాల తాడు. 1:64లో అది 1.5 మి.మీ. ష్రౌడ్లని బిగించే డెడ్‌ఐల (చిల్లులున్న గుండ్రటి చెక్క బిళ్లల) మధ్య సన్నతాడు సుమారు ష్రౌడులో సగం. నిచ్చెనమెట్లలా అడ్డంగా కట్టే రాట్‌లైన్లు అన్నిటికంటే సన్నం. 1.5 అంగుళాల తాడైతే మన స్కేల్లో 0.2 మి.మీ. కూడా రాదు. అక్కడ లావు దారం కడితే ఎంత మంచి ముడి వేసినా చింతపిక్కల దండలాగే కనిపిస్తుంది.

లెక్క తేలాక కొనడం. ఆన్‌లైన్లో ఒక దుకాణం నుంచి 0.5 మి.మీ. అని రాసిన రీళ్లు తెప్పించాం. కొలిస్తే 0.7. ఉత్తరాలు రాశాం, జవాబు రాలేదు, డబ్బూ రాలేదు. అప్పటినుంచి రీలు మీద రాసింది చదవడం మానేసి పెన్సిలుకి చుట్టి చూస్తున్నాం. దారాన్ని పెన్సిలు చుట్టూ పక్కపక్కనే ఆనించి, ఒకదానిమీదొకటి ఎక్కకుండా, లాగకుండా 20 చుట్లు వేసి స్కేలు పెట్టాలి. 10 మి.మీ. వస్తే దారం 0.5. కొందరు వెర్నియర్ కాలిపర్‌తో కొలుస్తున్నారు గానీ దాని పళ్ల మధ్య దారం నలిగి సన్నగా చూపిస్తుంది. నాకు పెన్సిలే నమ్మకం.

ఏ దారం అన్న దగ్గర సంఘం రెండు వర్గాలైంది. నరసాపురం వైపు నుంచి వచ్చే సభ్యులు లేసు అల్లే నూలు దారం తెచ్చారు. ఆ మెరుపు, ఆ నునుపు చూస్తే ఎవరికైనా మనసాగదు. ముడి కూడా చక్కగా కూర్చుంటుంది. కానీ నూలు గాలిలో చెమ్మ పీలుస్తుంది. పీల్చినప్పుడు పోగులు ఉబ్బి, పురి బిగిసి, తాడు పొడవు తగ్గుతుంది. శ్రావణంలో హాలు బీరువాలో ఉన్న ఓడని చూస్తే పై స్తంభం కొస ముందుకి వంగి గాలంలా ఉంది. సంక్రాంతికి అవే తాళ్లు వదులై ఉయ్యాలలూగుతున్నాయి. సముద్రం పక్కన ఉంటూ ఈ సంగతి ముందే ఊహించకపోవడం మన తప్పే. నైలాన్ ఇంకో తరహా, ఎంత లాగితే అంత సాగి, మర్నాటికి జారిపోతుంది. చివరికి పాలిస్టర్ దగ్గర ఆగాం. చెమ్మకి కదలదు, నూగు తక్కువ. మెరుపు మాత్రం ఎక్కువ, దాన్ని తేనెమైనం ముక్కమీద ఒక్కసారి లాగి చంపొచ్చు. ఒక్కసారే, రెండుసార్లు లాగితే దుమ్ముకి ఆహ్వానమే. నూలే వాడతామనేవాళ్లు దారాన్ని కొవ్వొత్తి మంటమీదుగా ఆపకుండా చకచకా లాగండి, నూగు కాలిపోతుంది. పాలిస్టర్‌తో ఆ పని చెయ్యకండి, కరుగుతుంది. ఒకరు చేశారు.

ఈ ఏడాది నాకు బాగా నచ్చింది అంబాజీపేట ప్రయాణం. కొబ్బరి పీచుతో తాళ్లు పేనే చోటికి వెళ్లి, మేం కుట్టుదారంతో పేనిన సన్నతాడు అక్కడి పెద్దాయన చేతిలో పెట్టాం. కళ్లజోడు పైకి తోసి, తాడు కొస గోటితో విప్పి, "ఆయ్, ఇది ఎడమ పురండీ. మోకులు ఇలా పేనరండీ" అన్నారు. కళ్లతో చూసింది తక్కువ, వేళ్లతో చూసిందే ఎక్కువ.

ఆయన చెప్పింది ఓడలకీ సరిగ్గా సరిపోతుంది. ఓడల మామూలు తాడు మూడు పేటలది, కుడి పురిది. నిలువుగా పట్టుకుంటే పేటలు కింద ఎడమ నుంచి పైకి కుడివైపు ఎక్కుతూ కనబడాలి. దుకాణంలో దొరికే కుట్టుదారానికి చివరి పురి మామూలుగా కుడికే ఉంటుంది. మూడు దారాలు తీసుకుని దానికి ఎదురు తిప్పితే వచ్చేది ఎడమ పురి తాడు. కుడి పురి కావాలంటే రెండు విడతలు చెయ్యాలి. ముందు రెండేసి దారాలని ఎడమకి తిప్పి పేట చెయ్యాలి, తర్వాత మూడు పేటల్ని కుడికి పేనాలి. విడత విడతకీ పురి ఎదురవుతుంది కాబట్టే తాడు విడిపోదు. ముందు పేనిన ఎడమ పురి తాడు వృథా కాలేదు. అసలు ఓడల్లో లంగరు తాడు మూడు కుడి పురి తాళ్లని కలిపి ఎడమకి పేనినది. మనదాంట్లో పేటలు తక్కువే అయినా పురి సరిపోయింది, లంగరుకి వాడేశాం. 0.4 మి.మీ. కంటే సన్నవాటికి ఈ పట్టింపు వదిలేద్దామని తీర్మానం. అంత సన్నతాడు పురి భూతద్దం పెట్టి చూసేవాడు వస్తే కాఫీ ఇచ్చి మాటల్లో పెడదాం.

హాలు వరండాలో ఒక కొసన మూడు కొక్కేలు, రెండో కొసన చేతి డ్రిల్లు పెట్టి పేనుడు యంత్రం తయారుచేశాం. పేనేకొద్దీ పొడవు దాదాపు మూడో వంతు తగ్గుతుంది, ఆరు మీటర్ల దారంతో మొదలుపెడితే నాలుగు మీటర్ల తాడు. డ్రిల్లు వైపు మనిషి పురి బిగిసేకొద్దీ చిన్నచిన్న అడుగులతో ముందుకి రావాలి. మొరాయించి నిలబడితే తాడు టప్పున తెగుతుంది.

రంగు గురించి ఒక్కమాట. నిలకడగా ఉండే స్టేలు, ష్రౌడ్లు తారు పట్టించినవి కాబట్టి ముదురు గోధుమ, నలుపుకి దగ్గర. తెరచాపలు ఎత్తే దించే తాళ్లు లేత గోధుమ రంగు. తెల్లగా మాత్రం ఏదీ ఉండకూడదు. టీ డికాక్షన్‌లో నానబెడితే నూలుకి రంగు అందంగా వస్తుంది గానీ, అందులో ఉన్న ఆమ్లం ఏళ్ల మీద దారాన్ని తినేస్తుంది. రంగు దారమే కొనుక్కోవడం మేలు.

1869 నాటి కట్టీ సార్క్ కడుతున్న సభ్యుడికి ఈ లెక్కల్లో కొన్ని పనిచెయ్యవు. ఆ ఓడ స్టేలు, ష్రౌడ్లు ఇనుప తీగ తాళ్లు, జనుపతాడు కంటే బాగా సన్నం.

మన గోదావరి తెరచాప నావ నమూనా 1:24 స్కేల్లో సగం వరకు వచ్చింది. దానికి అసలు కొబ్బరి తాడే కట్టాలని కోనసీమ సభ్యుల పట్టుదల. 24 మి.మీ. మోకు ఈ స్కేల్లో 1 మి.మీ. అవుతుంది. పీచుతో అంత సన్నగా పేనితే కొద్ది పోగులే పడతాయి, ఎలక తోకలా వెంట్రుకలు లేస్తుంది. కొబ్బరి సీమలో పడవకి పాలిస్టర్ కట్టడం నాకూ కష్టంగానే ఉంది. కానీ ఎండు కొబ్బరిపీచు రంగు దారం కాకినాడ జగన్నాథపురంలో దొరికింది, నావమీద పెట్టి చూశాం. పట్టుదల పట్టినవాళ్లే ఇంకో రీలు కొనుక్కెళ్లారు.

ముడుల మీద ఫెవిక్విక్ వేసినవాళ్లు తెల్లమచ్చలు చూసుకోండి. నీళ్లు కలిపిన ఫెవికాల్ చాలు, తప్పు కట్టినా తడిపి విప్పొచ్చు.

వచ్చే ఏడాదికి 0.2 నుంచి 1.5 మి.మీ. వరకు రెండు రంగుల్లో సంఘం తరఫున రీళ్లు పెడతాం. పెన్సిలుకి చుట్టి కొలిచిన లావు వాటిమీద చేత్తో రాసి ఉంటుంది. వాడుకున్నవాళ్లు పొడవు పుస్తకంలో రాయాలి. చేతి డ్రిల్లు వినాయక చవితి ముందు ఎవరో ఇంటికి పట్టుకెళ్లారు. మహాసభకి వచ్చేటప్పుడు తెచ్చేయండి.

కార్యదర్శి