రిట్జ్ హోటల్ దయ్యాల విషయమై మంత్రి గారికి బహిరంగ లేఖ

హైదరాబాద్, జూన్ 2019

మంత్రి గారికి నమస్కారం.

రిట్జ్ హోటల్ నడిచిన భవనాన్ని కాపాడమంటూ ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ మీ ఆఫీసులో ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకుని లోపలికెళ్లి మళ్లీ కనబడలేదు, దయ్యాలు మాయమవుతాయంటారే, అంతకన్నా శుభ్రంగా మాయమయ్యాయి. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

హిల్ ఫోర్ట్ ప్యాలెస్ సంగతి మీకు నేను చెప్పాలా? 1915లో నిజామత్ జంగ్ కట్టుకున్నదీ, నిజాం కొని కొడుకు మొజం జాకి ఇచ్చిందీ, 1955లో రిట్జ్ హోటలైందీ అన్నీ మీ ఫైళ్లలో ఉన్నవే. మా నాన్న ఆ హోటల్లో బేరర్. హోటల్ మూతపడి ఏళ్లూ పూళ్లూ గడిచాయి.

ఇప్పుడు రాత్రయితే కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని గోడ దూకుతున్నారు, దయ్యాల వీడియోలట. ఒకటి చూశాను. ఎక్కడో తలుపు టపటపా కొట్టుకుంటుంటే "వచ్చింద్రా, వచ్చింది" అని అరుస్తూ పరిగెత్తి, పోతూ పోతూ కిటికీ రెక్క విరగ్గొట్టారు. ఆ చప్పుడు దయ్యానిది కాదండీ, గడియ లేని తలుపుది. గడియ ఎంతవుతుందో మీ ఇంజనీర్లనే అడగండి. ఏడుపు వినిపిస్తుందంటారు, అవి పావురాలు. గోడలోంచి చేతులొస్తాయంటారు, అది మాత్రం కొంత నిజం: రావి మొక్కలు, గోడ చీల్చుకుని నా చెయ్యంత లావు వేళ్లు దిగాయి.

నాన్న పనిచేసినప్పుడూ కథలుండేవి. అర్ధరాత్రి పైన ఖాళీ గదిలోంచి కిందికి బెల్ మోగేదట. కొత్తవాళ్లు వెళ్లమంటే వణికేవాళ్లు. నాన్న ట్రేలో టీ కూడా పెట్టుకుని వెళ్లి చూస్తే లోపల ఎవరూ లేరు, వానకి తడిసిన గోడా, అందులో బెల్ తీగా. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు, దయ్యం వదిలింది.

రాజస్థాన్‌లోని కోటా ఊళ్లో ఓ భవనం ఉంది, అక్కడ 1857లో చంపబడ్డ బ్రిటిష్ అధికారి మేజర్ బర్టన్ ఇప్పటికీ తిరుగుతాడని, డ్యూటీలో కునికే కాపలావాళ్ల చెంప వాయిస్తాడని చెప్పుకుంటారు. ఆ కథతో పాటే ఆ భవనాన్ని హోటల్‌గా నడుపుకున్నారు. ఆ మేజర్ గారిని ఓ ఆర్నెల్లు మీ ఆఫీసుకి డెప్యుటేషన్ మీద తెప్పించండి, ఫైలు కదులుతుందేమో.

వెటకారం అనుకోకండి, ఓపిక అయిపోయింది. మూడోసారి వచ్చినప్పుడు మీ గుమాస్తా "ఆ దయ్యాల కొంపతో మీకేం పనండీ" అన్నాడు. నా టెన్షన్ అదే. ఆ పేరు స్థిరపడితే రేపు కూల్చినా జనం పీడా పోయిందనుకుంటారు.

వాచ్‌మన్‌ని పెట్టండి. కప్పు మీద కనీసం టార్పాలిన్ వేయించండి. రావి మొక్కల్ని పైపైన కోయించకండి, మళ్లీ చిగురిస్తాయి, వేళ్లతో తీయించండి. జవాబివ్వండి సార్, అది ఒక్క లైనైనా సరే.

నాన్నకి ఎనభై మూడేళ్లు. "బెల్ బాగుచెయ్యడానికి ఒక్క రోజు పట్టింది, దీనికెన్నాళ్లురా" అంటున్నాడు. ఏం చెప్పమంటారు?

ఇట్లు,
రిట్జ్ బేరర్ కొడుకు