విడిది గదిలో కుంపటి వద్దు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే హైదరాబాద్ నుంచి హిమాలయాలకు నడకకు వెళ్లే బృందాలకు బూట్ల గురించి, ఉన్ని బట్టల గురించి చెప్పేవారు చాలామందే ఉన్నారు. రాత్రి విడిది గదిలో పెట్టుకునే బొగ్గుల కుంపటి గురించి చెప్పేవారు మాత్రం నాకు తారసపడలేదు. ఈ లేఖ అందుకే.

కిందటి డిసెంబరులో నేను, నా చిన్ననాటి మిత్రుడు డార్జిలింగ్ జిల్లాలోని సింగలీలా కొండల మీద ఐదు రోజులు నడిచాం. మానేభంజాంగ్‌లో బయలుదేరి తుమ్లింగ్, కాలీపోఖ్రీ మీదుగా సందక్‌ఫూ, అక్కడి నుంచి 21 కిలోమీటర్లు కొండ అంచునే ఫాలుట్ దాకా. సందక్‌ఫూ ఎత్తు 3,636 మీటర్లు. తెల్లవారుజామున కాంచన్‌జంగ మీద ఎరుపు పాకడం చూడటానికి మళ్లీ వెళ్తాను. ఎవరినీ వెళ్లవద్దని చెప్పను.

ఆ దారిలో ఒక రాత్రి చలికి ఆగలేక మేమే కుంపటి అడిగి తెప్పించుకున్నాం. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, తలుపు కింద తువ్వాలు పరిచాం. నిప్పులు కణకణలాడుతున్నాయి, పొగ లేదు, ఇక భయమేమిటి అనుకున్నాం. కాసేపటికి మిత్రుడికి తలనొప్పి, వికారం. ఆ వెనకే నాకూ తల దిమ్మెక్కింది. కొండ ఎత్తు ఒంటికి పడక వచ్చిందనుకుని, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు వేలికి తగిలించాం. ముందు రాత్రి నాకు 88 చూపింది, ఆ రాత్రి 94. ఒళ్లు ఎత్తుకు అలవాటు పడుతోందని సంబరపడి దుప్పట్లు కప్పుకున్నాం.

మర్నాడు పొద్దున ఎన్నింటికి బయలుదేరాలో చెప్పడానికి గైడు వచ్చి తలుపు తట్టాడు. గడియ తీయబోతే నా కాళ్లు పట్టు తప్పాయి. అతను లోపలికి ఒక్క చూపు చూసి, మమ్మల్ని చెరో చేత్తో పట్టి మంచులోకి లాక్కెళ్లాడు. తర్వాత ఊపిరి బిగబట్టి వెళ్లి కుంపటి బయట పడేశాడు. చాలాసేపటికి గానీ మిత్రుడు మాట్లాడలేదు.

నేను పాతికేళ్లుగా ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతున్నాను. గాలి చాలక బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందని, దానికి రంగూ వాసనా ఉండవని, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుందని ఏటా పాఠం చెప్పేవాణ్ని. అయినా ఆ రాత్రి పోల్చుకోలేకపోయాను. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకూ దీనికీ మొదటి లక్షణాలు దాదాపు ఒకటే. పైగా మామూలు ఆక్సీమీటరు మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ నిండిన రక్తంగానే లెక్కగడుతుంది. కొవిడ్ రోజుల్లో ఎన్నో ఇళ్లకు చేరిన పరికరమది. ఈ ఒక్క చోట దాన్ని నమ్మకూడదని ఎంతమందికి తెలుసు?

మన నగరం నుంచి బృందాలను తీసుకెళ్లే నిర్వాహకులకు నా విన్నపం: బయలుదేరే ముందే ఈ సంగతి విడమరచి చెప్పండి. గదికొక మోనాక్సైడ్ అలారం వెంట పెట్టుకోండి, చిన్నదే, బ్యాటరీతో పనిచేస్తుంది. పొగగొట్టం ఉన్న పొయ్యి భోజనాల గదిలో ఉంటే అక్కడే చలి కాచుకోండి, పడక గదిలోకి నిప్పు రానివ్వకండి. గదిలో నిప్పు ఉండగా తల నొప్పి పుడితే, అందులోనూ ఒకరి వెంట ఒకరికి వస్తే, కారణం ఏమిటని చర్చించుకుంటూ కూర్చోకుండా ముందు అందరూ బయటికి వచ్చేయండి. బయటి గాలికి తేలికపడినా ఊరుకోకుండా వైద్యుడికి చూపించుకోండి. పర్యాటక శాఖలు కూడా విడిది అనుమతులు ఇచ్చేటప్పుడు గదికి గాలి వచ్చే దారి ఉందో లేదో చూడాలి.

తిరిగి వచ్చాక ఇంకొకటి నా కంట పడింది. మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద వాచ్‌మన్ కుటుంబం ఉండే గదికి కిటికీ లేదు. జనవరి చలికి ఆ ఇల్లాలు పసిబిడ్డ పక్కనే ఇనుప బొచ్చెలో నిప్పులు పెట్టుకుంది. ఇన్నేళ్లుగా ఆ గది ముందు నుంచే వెళ్తున్నాను. నిప్పులు బయట పెట్టించి, మా ఇంట్లోని రెండు రగ్గులు ఇచ్చాను. గోడకు కిటికీ కొట్టించమని అసోసియేషన్‌లో అడిగితే ఒప్పుకున్నారు, మేస్త్రీ సోమవారం వస్తున్నాడు.

– ఒక అధ్యాపకుడు, నల్లకుంట, హైదరాబాద్