అంగన్‌వాడీలు రాత్రి దాకా తెరిచి ఉంచాలి

సంపాదకులు గారికి,

తెల్లారితే చాలు, ఆరిలోవ నుంచి ఎంవీపీ కాలనీ ఇళ్లలో పనికి, గాజువాక నుంచి దువ్వాడ సెజ్ కంపెనీలకు, కంచరపాలెం నుంచి జగదాంబ దగ్గరి బట్టల దుకాణాలకు మన ఆడవాళ్లు బయల్దేరతారు. వాళ్ల చంటిపిల్లల్ని ఎక్కడ వదలాలన్నదానికి విశాఖలో నేటికీ సరైన ఏర్పాటు లేదు.

అంగన్‌వాడీలు మంచివే. పిల్లలకు ఆటపాటలు, గుడ్డు, వేడి భోజనం అక్కడ దొరుకుతున్నాయి. కానీ మూడున్నర, నాలుగయ్యేసరికి తాళం పడుతుంది. మా వీధిలో ఒకావిడ బట్టల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున వెళ్తే మళ్లీ ఇల్లు చేరేది రాత్రి తొమ్మిదిన్నరకే. మూడేళ్ల కొడుకుని అంగన్‌వాడీ నుంచి తీసుకురావడానికి అయిదో తరగతి చదివే కూతురు రోజూ చివరి పీరియడ్ ఎగ్గొట్టి వస్తోంది. తమ్ముణ్ణి చంకనేసుకుని, అన్నం కలిపి పెట్టి, వాడు పడుకున్నాక గానీ పుస్తకం తీయదు. అప్పటికి కళ్లు మూతలు పడుతుంటాయి. ఇరుగుపొరుగువాళ్లం ఓ కన్నేసి ఉంచుతాం. అంతకు మించి ఏం చేయగలం? ప్రైవేటు డే కేర్‌లో చేర్చమంటే, ఆ ఫీజు కట్టాక జీతంలో మిగిలేదేమిటని ఆవిడ అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు.

యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి నిబంధన పెట్టారు. పదిమందితో నడిచే దుకాణానికి, ఇళ్లలో పనిచేసేవాళ్లకు అది వర్తించదు. అవసరం ఎక్కువగా ఉన్నదేమో వాళ్లకే.

దారి లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద అంగన్‌వాడీలోనే క్రెష్ (శిశు సంరక్షణ కేంద్రం) నడపవచ్చు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని చేర్చుకోవచ్చు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు దాని లెక్క. దుకాణాల్లో పనిచేసే తల్లులకు ఆ గంటలు చాలవు. మిగతా సమయానికి రాష్ట్ర ప్రభుత్వం, జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) కలిసి ఖర్చు భరించాలి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానమే రాసుకుంది. ఆ వయసు పిల్లలు సాయంత్రమంతా టీవీ ముందు కూర్చుంటున్నారు.

ఒక్క మాట. ఈ అదనపు గంటల్ని ఇప్పుడున్న కార్యకర్తలు, ఆయాల నెత్తిన రుద్దకూడదు. జీతాల కోసం 2023 డిసెంబరు నుంచి 42 రోజులు రోడ్డెక్కినవాళ్లు వాళ్లు. సాయంత్రం షిఫ్టుకు వేరే మనుషుల్ని, సరైన జీతంతో పెట్టాలి.

ఆరిలోవ, కంచరపాలెం, మల్కాపురంలో ఒక్కో కేంద్రాన్నయినా రాత్రి తొమ్మిదిన్నర దాకా నడిపేలా ఈ విద్యా సంవత్సరంలోనే ఉత్తర్వులివ్వాలని కలెక్టరు గారిని, జీవీఎంసీ కమిషనరు గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, కంచరపాలెం, విశాఖపట్నం