ఆ గేటు 1899 నాటిది కాదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో న్యూయార్క్ వెళ్ళేవాళ్ళు చూడాల్సిన చోట్ల గురించి వేసిన వ్యాసం చదివాను. బ్రాంక్స్ జూ కంచు గేటు ఫొటో అంత పెద్దగా వేసినందుకు చాలా సంతోషం. కానీ ఫొటో కింద '1899 నాటి ప్రవేశద్వారం' అని రాశారు. జూ తెరిచింది 1899 నవంబరులో, అది నిజమే. గేటు మాత్రం 1934లో పెట్టారు. 35 ఏళ్ళ తేడా అంటే ఒక అంకె తప్పే కదా అని వదిలేసేదాన్ని, కానీ ఆ గేటు కథంతా ఆ మధ్యకాలంలోనే జరిగింది.

మా అమ్మాయి వాళ్ళు న్యూజెర్సీలో ఉంటారు. నేను వెళ్ళినప్పుడు మనవరాలి కోసం జూకి బయల్దేరాం. ఆ జూకి చాలా గేట్లున్నాయి, ఎక్కువమంది వేరే వైపుల నుంచి లోపలికి వెళ్ళిపోతారు. మేము అనుకోకుండా ఫోర్డ్‌హామ్ రోడ్డు వైపు వచ్చాం. 30 అడుగులు దాటిన ఎత్తు, రెండు పెద్ద తలుపులు, వాటి నిండా కంచు కొమ్మలూ ఆకులూ, ఆ ఆకుల మధ్య జింకలు, ఎలుగులు, పక్షులు, అన్నిటికంటే పైన ఒక సింహం. "అమ్మమ్మా, సింహం చెట్టెక్కింది!" అని మనవరాలు ఒకటే అరుపు. చేతికందిన ఒక ఆకు అంచు మీద వేలు పెట్టి చూశాను. చల్లగా, నున్నగా ఉంది, మడతల్లో పచ్చగా చిలుము పట్టింది. జంతువుల ఒంటి మీద వెంట్రుకలు చెక్కలేదు. అయినా మెడ తిప్పిన తీరు చూస్తే చాలు, ఏది ఏ జంతువో, ఏం చూస్తోందో తెలిసిపోతుంది. మాది హనుమకొండ, ఓరుగల్లు కోట తోరణాలు చూస్తూ పెరిగినదాన్ని, బొమ్మలున్న ద్వారం ఎక్కడ కనబడినా నా కాళ్ళు ఆగిపోతాయి.

మీద రైనీ అనే పేరు ఉంటే ఎవరాయన అని మా అల్లుడు ఫోన్‌లో వెతికి, "అత్తయ్యా, ఈయన వేటగాడట, జంతువులను చంపినవాడి పేరు జూ గేటుకి పెడతారా?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తర్వాత వాళ్ళ ఊరి లైబ్రరీకి రెండు మూడుసార్లు వెళ్ళి కూర్చున్నాను.

పాల్ రైనీ ఒహాయో రాష్ట్రంలో బొగ్గు వ్యాపారం చేసిన బాగా డబ్బున్న ఇంటివాడు. ఆఫ్రికాలో వేటకుక్కలను పెట్టి సింహాలను వేటాడాడు, అక్కడ తీసిన సినిమాను 1912లో న్యూయార్క్‌లో ఆడించాడు. అంతకు ముందు 1910లో ఆర్కిటిక్ నుంచి ప్రాణంతో పట్టుకొచ్చిన ధ్రువపు ఎలుగు, సిల్వర్ కింగ్ అనేది, ఈ జూకే చేరింది. 1923లో ఓడ ప్రయాణంలో, సరిగ్గా తన 46వ పుట్టినరోజున చనిపోయాడు. శవాన్ని సముద్రంలోనే కలిపేశారు. అంటే వెళ్ళి ఒక పువ్వు పెట్టడానికి సమాధి కూడా లేదు. ఆయన తోబుట్టువు గ్రేస్ రైనీ రోజర్స్ ఈ గేటు చేయించింది.

చేసింది పాల్ మాన్‌షిప్ అనే శిల్పి. రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో మనవాళ్ళందరూ సెల్ఫీలు దిగే ఆ బంగారు రంగు ప్రొమీథియస్ (గ్రీకు పురాణాల్లోని వీరుడు) విగ్రహం కూడా ఆయనదే, అదీ 1934లోనే వచ్చింది. మాన్‌షిప్ రోమ్‌లో చదువుకున్నాడు, పాత గ్రీకు శిల్పం ఆయనకు ప్రాణం, మన భారతదేశపు శిల్పాలూ ఆయన మీద పనిచేశాయని కళల గురించి రాసేవాళ్ళు చెబుతారు. గేటు మీది లతలు చూస్తే నాకైతే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. 1926లో నమూనా పని మొదలైంది, కంచు పోత బెల్జియంలో పోయించారు. అంత ఓపిక, అంత ఖర్చు. గేటు నిలబెట్టేనాటికి అమెరికా అంతా మాంద్యంలో ఉద్యోగాలు పోగొట్టుకుని ఉంది.

మా అల్లుడి ప్రశ్నకు నాకు దొరికిన సమాధానం ఇదీ. తమ్ముడో అన్నో పోయినప్పుడు తుపాకీ పట్టుకున్న విగ్రహం పెట్టించడం గ్రేస్‌కి పెద్ద పని కాదు. పెట్టించలేదు. నేను చూసినంతలో ఆ తలుపుల మీద మనిషి బొమ్మే లేదు, బాణం దెబ్బ తిన్న జంతువు కూడా ఒక్కటి లేదు. అలాగని ఆయన వేటను దాచిపెట్టి 'జంతుప్రేమికుడు' అని రాయడం కూడా నాకు నచ్చదు. ఆ కాలం అలాంటిది. ఆ జూ మొదటి డైరెక్టర్ హార్నడే 1886లో మ్యూజియం కోసం అమెరికా అడవిదున్నలను (బైసన్) తానే కాల్చాడు, అదే మనిషి 1907లో ఈ జూలో పెంచిన 15 అడవిదున్నలను, ఆ జాతి మళ్ళీ పెరగాలని, రైలెక్కించి ఓక్లహోమా గడ్డిమైదానాలకు పంపాడు. రెండూ చెప్పాలి. పిల్లలకు ఒకటే చెబితే అబద్ధం చెప్పినట్టే.

1967లో న్యూయార్క్ నగరం ఈ గేటుని రక్షిత కట్టడంగా ప్రకటించింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంకో మాట, గేటు దాటగానే కనబడే పాత రాతి ఫౌంటెన్ ఇటలీలోని కోమో నుంచి తెచ్చినది, దాన్ని కూడా చూసి రండి.

వచ్చే ఆదివారం సవరణ వేస్తారని అనుకుంటున్నాను. 1899 తీసి 1934 వేయడంతో పాటు పాల్ మాన్‌షిప్ పేరు కూడా వేయండి. మీ పేజీలో ఫొటో తీసినవాళ్ళ పేరు ఉంది, గేటు చేసినాయన పేరు ఎక్కడా లేదు.

– ఒక పాఠకురాలు, హనుమకొండ