వార్షిక నివేదిక: ఈ ఏడాది మన పని, ఇన్హిబిటర్లను ముందే పట్టుకోవడం

సభ్యులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

హీమోఫీలియా అంటే రక్తాన్ని గడ్డకట్టించే ‘ఫ్యాక్టర్’ అనే ప్రోటీన్ లోపించే జబ్బు. ఎ రకంలో ఫ్యాక్టర్-8, బి రకంలో ఫ్యాక్టర్-9 లోపిస్తాయి. ఈ ఏడాది శిబిరాల్లో ఎక్కువ సమయం ఇన్హిబిటర్లకే కేటాయించాం. ఎక్కించిన ఫ్యాక్టర్‌ను శరీరం పరాయిదనుకుని ఇన్హిబిటర్లనే యాంటీబాడీలు తయారుచేస్తే, మందు నరంలోకి వెళ్తున్నా రక్తస్రావం ఆగదు. తీవ్ర హీమోఫీలియా-ఎ ఉన్నవారిలో సుమారు 25 నుంచి 30 శాతం మందికి ఈ సమస్య వస్తుంది. హీమోఫీలియా-బిలో ఇది చాలా అరుదు. జన్యువులో పెద్ద ముక్క లోపించినవారికి ముప్పు ఎక్కువ, ఎందుకంటే వారి శరీరానికి ఆ ప్రోటీన్ బొత్తిగా కొత్త. జన్యు పరీక్ష చేయించుకున్నవారు ఆ కాగితాన్ని ఫైల్లో ముందుంచమని కోరేది ఇందుకే.

ముప్పు ఎక్కువగా ఉండేది మొదటి 50 ఎక్స్‌పోజర్ రోజుల్లో, అందులోనూ మొదటి 20లో. ఫ్యాక్టర్ ఎక్కించుకున్న రోజును ఒక ఎక్స్‌పోజర్ రోజుగా లెక్కిస్తారు. అదే రోజు మూడుసార్లు ఎక్కించినా లెక్క ఒకటే. ఈ లెక్క తప్పిపోకుండా మోతాదు పుస్తకంలో ఒక వరుస అదనంగా చేర్చాం. ఇన్హిబిటర్ పరీక్ష మొదటి 20 ఎక్స్‌పోజర్ రోజుల వరకు ప్రతి 5కి, తర్వాత 50 వరకు ప్రతి 10కి, ఆపైన 150 వరకు ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. పెద్ద ఆపరేషన్‌కు ముందు, రోజూ పనిచేసే మోతాదు పనిచేయడం మానినప్పుడు గడువుతో పని లేదు, వెంటనే చేయించాలి. కిలో బరువుకు ఒక యూనిట్ ఫ్యాక్టర్-8 ఇస్తే రక్తంలో దాని స్థాయి సుమారు 2 శాతం పెరగాలి. 20 కిలోల బిడ్డకు 500 యూనిట్లిస్తే దాదాపు 50 శాతం పెరగాలన్నమాట. అందులో మూడింట రెండు వంతులు కూడా రాకపోతే అనుమానించాల్సిందే.

సాంకేతిక సిబ్బందితో జరిపిన సమావేశాల్లో ఎక్కువ చర్చ నమూనా దగ్గరే సాగింది. నీలి మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా చూసే 3.2 శాతం సిట్రేట్ ఉంటుంది. 9 వంతుల రక్తానికి 1 వంతు సిట్రేట్ కుదరాలి కాబట్టి గీత వరకు నిండాలి. సగమే నింపితే సిట్రేట్ మిగిలిపోయి గడ్డకట్టే సమయం ఊరికే పొడుగైనట్టు కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు పోసి ఉంచిన గొట్టం నుంచి రక్తం తీసినా ఇదే పొరపాటు. ఇంకా ప్రమాదకరమైనది దీనికి ఎదురు తప్పు. ఫ్యాక్టర్-8 ఇన్హిబిటర్ నెమ్మదిగా పనిచేస్తుంది. రోగి ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) మామూలు ప్లాస్మాతో కలిపిన వెంటనే చూస్తే ఫలితం సవ్యంగానే రావచ్చు. 37 డిగ్రీల వద్ద 2 గంటలుంచాకే అసలు సంగతి బయటపడుతుంది. ఆ రెండు గంటలు ఆగని ల్యాబు ఇచ్చే ‘నెగెటివ్’ను మేం నమ్మం. మీరూ నమ్మొద్దు. ఇటీవల ఎక్కించిన ఫ్యాక్టర్ కూడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది. 72 గంటల విరామం వీలుకాని వారికి ప్లాస్మాను 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసి పరీక్షించే పద్ధతి ఉందేమో ల్యాబునడగండి.

ఫలితం ఇన్హిబిటర్ బలాన్ని కొలిచే బెథెస్డా యూనిట్లలో వస్తుంది. ఈ పరీక్షకే మెరుగుపరచిన రూపమైన నైమెగెన్ పద్ధతిలో 0.6, ఆపైన ఉంటే పాజిటివ్. 5 లోపు ఉండి, ఫ్యాక్టర్ ఇచ్చినా అలాగే నిలిస్తే, మోతాదు పెంచి నెగ్గుకురావచ్చు. 5 దాటితే రక్తస్రావానికి యాక్టివేటెడ్ ఫ్యాక్టర్-7 లేదా ఏపీసీసీ (కొన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్ల మిశ్రమం) వంటి బైపాస్ మందులు, అంటే లోపించిన ఫ్యాక్టర్‌తో పనిలేకుండా రక్తాన్ని గడ్డకట్టించేవి, కావాలి.

ఫ్యాక్టర్-8 చేసే పనిని తాను చేసే ఎమిసిజుమాబ్ మందు వాడుతున్న సభ్యులు పెరుగుతున్నారు గనుక రెండు హెచ్చరికలు. ఈ మందు ఒంట్లో ఉన్నంతకాలం, అంటే ఆపాక కూడా సుమారు 6 నెలల వరకు, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే సమయాన్ని చూసే పరీక్ష) మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. ఇన్హిబిటర్ కొలవాలంటే ఆవు నుంచి తీసిన ప్రోటీన్లతో చేసే క్రోమోజెనిక్ (రంగు మార్పుతో కొలిచే) పద్ధతే కావాలి. దీంతోపాటు ఏపీసీసీని రోజుకు కిలోకు 100 యూనిట్లు మించి ఒక రోజుకు పైగా ఇచ్చినవారిలో సన్నని రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడ్డాయి. అత్యవసర విభాగంలో చూపే కార్డుపై ఈ రెండూ ముద్రించి ఇచ్చాం. దాన్ని పర్సులో ఉంచుకోండి.

పాత తరం సభ్యుల కోసం వేరే శిబిరం పెట్టాం. వేలమంది దాతల ప్లాస్మాను కలిపి ఫ్యాక్టర్ చేసిన రోజుల్లో, 1982 జూలైలో, ముగ్గురు హీమోఫీలియా రోగులకు రోగనిరోధక శక్తి తగ్గినవారికి వచ్చే న్యూమోసిస్టిస్ న్యుమోనియా వచ్చినట్టు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకటించింది. వారి రోగనిరోధక శక్తిని దెబ్బతీసిన హెచ్ఐవీని తర్వాత గుర్తించారు. వైరస్‌ను చంపేలా వేడిచేసిన ఫ్యాక్టర్, దాతల రక్తపరీక్ష 1985 నాటికి వచ్చాయి. అంతకు ముందు ఫ్యాక్టర్ తీసుకున్నవారు హెచ్ఐవీ, హెపటైటిస్-సి పరీక్షలు చేయించుకోకుండా ఉండొద్దు. హెచ్ఐవీ వల్ల సీడీ4 అనే రోగనిరోధక కణాలు బాగా తగ్గినవారికి తట్టు వంటి సజీవ టీకాలు ఇవ్వకూడదు.

మిగతా టీకాలు అందరికీ అవసరమే, ముఖ్యంగా హెపటైటిస్-ఎ, బి. వీలైన టీకాను చర్మం కిందే వేయించండి. కండరంలోకే వేయాల్సి వస్తే ఫ్యాక్టర్ కవచం (రక్తస్రావం కాకుండా ముందుగా ఫ్యాక్టర్ ఎక్కించుకోవడం) గురించి ముందే వైద్యుడితో మాట్లాడుకోండి. 25 నుంచి 27 గేజ్ సన్నసూది అడగండి. వేశాక రుద్దకుండా కనీసం 10 నిమిషాలు నొక్కి ఉంచాలి.

వచ్చే ఏడాది మొదటి శిబిరం హీమోఫీలియా-బి కుటుంబాలది. ఇన్హిబిటర్ మొదలయ్యే వేళ ఈ పిల్లలకు ఫ్యాక్టర్-9తోనే తీవ్ర అలర్జీ రావచ్చు. అందుకే మొదటి 10 నుంచి 20 మోతాదులు ఆసుపత్రిలోనే, అడ్రినలిన్ అందుబాటులో ఉంచుకుని ఇప్పించాలి. శిబిరానికి మోతాదు పుస్తకం, జన్యు పరీక్ష కాగితం వెంట తెచ్చుకోండి. ఖాతాల పట్టికను సర్వసభ్య సమావేశంలో అందజేస్తాం.